ఫొటోలు పంపారు, కథ మీ దగ్గరే ఉంచుకున్నారు

ప్రశ్న: సర్, నా వయసు 36. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తున్నాను. పోయిన ఏడాది ధైర్యం చేసి ఆరు పత్రికలకు పంపాను, ఒక్కొక్కరికి నలభై ఫొటోలు. సూర్యాస్తమయాలు, పక్షులు, వాన, కొన్ని పోర్ట్రెయిట్లు, గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన మీద తీసిన పదకొండు ఫొటోలు. ఒకరు ‘బాగున్నాయి, ప్రస్తుతం అవసరం లేదు’ అని రాశారు. మిగతా అయిదుగురూ ఉలకలేదు, పలకలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం నన్ను పదకొండు వేల మంది ఫాలో అవుతున్నారు. కొత్త కెమెరా కొనాలా? ఫొటోలు పంపితే వాడేసుకుని పేరు కూడా వేయరని స్నేహితులు భయపెడుతున్నారు. ఒక చిన్న పత్రికవాళ్లు డబ్బు ఇవ్వం, పేరు వేస్తాం అంటున్నారు. ఇవ్వమంటారా? ఫ్రీలాన్స్‌గా పత్రికల్లో ఫొటోలు రావాలంటే అసలు దారేమిటి? నేను పంపిన మెయిల్, నలభై ఫొటోలు జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఫొటోలన్నీ చూశాను. మెయిల్ కూడా పెట్టారు కాబట్టి నా పని తేలికైంది. కెమెరా బాగానే ఉంది. మీకు చూపూ ఉంది. తేడా వచ్చింది ఆ మెయిల్‌తోనే.

కొన్నేళ్లు ఫ్రీలాన్సర్‌గా తిరిగాక, చాలాకాలం ఒక మాసపత్రికలో ఫొటోలు ఎంపిక చేసే కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి మీ మెయిల్ ఎలా కనిపిస్తుందో చెప్తాను. సబ్జెక్ట్ దగ్గర ‘ఫొటోస్’ అని ఉంది. లోపల ఒకటే వాక్యం: ‘నా ఫొటోలు జత చేస్తున్నాను, నచ్చితే ప్రచురించగలరు.’ కింద నలభై ఫైళ్లు. పేర్ల బదులు కెమెరా ఇచ్చిన నంబర్లు. అన్నీ ఒకే మెయిల్‌లో పట్టవు కాబట్టి నాలుగు మెయిళ్లుగా విడగొట్టి పంపారు. ఎడిటర్ మొదటిది తెరుస్తాడు. మూడు సూర్యాస్తమయాలు కనిపిస్తాయి. బాగున్నాయి అనుకుంటాడు. ఇంతలో డిజైనర్ వచ్చి ‘42వ పేజీకి ఏం పెడదాం?’ అంటాడు. అంతే, మీ మెయిల్ కిందికి జారిపోతుంది. మళ్లీ పైకి రాదు.

ఆ కుర్చీలో ఉన్నవాడికి పొద్దున్న లేస్తే ఆ 42వ పేజీదే టెన్షన్. మీరేమో ఫొటోలు బాగున్నాయో లేదో చెప్పమని అడిగారు. అది చెప్పే తీరిక అతనికి లేదు. ఆ పేజీ దేనితో నిండుతుందో మీరు చెప్పి ఉంటే కుర్చీలోంచి కదిలేవాడు కాదు.

సూర్యాస్తమయాలు పక్కన పెట్టేయండి. కోపం తెచ్చుకోకండి, అవి నిజంగా బాగున్నాయి. కానీ పత్రికకి సూర్యాస్తమయం కావాలంటే స్టాక్ ఏజెన్సీలో, అంటే ముందే తీసి ఉంచిన ఫొటోలు అమ్మే సంస్థలో, రెండు నిమిషాల్లో దొరుకుతుంది. అక్కడ ఉన్నన్ని మనమెవరం తీయలేం. వాన ఫొటోల సంగతి ఇంకోటి. అవి మీరు వానలు మొదలయ్యాక పంపారు. మాసపత్రికలు మూడు నుంచి ఆరు నెలల ముందే సంచిక ఆలోచించుకుంటాయి. మీ మెయిల్ చేరేసరికి వానల సంచిక ప్రెస్‌కి వెళ్లిపోయి ఉంటుంది. ఈ ఏడాది తీసిన వాన వచ్చే ఏడాదికి పనికొస్తుంది. దాచుకుని, ఎండలు మండుతున్నప్పుడు పంపాలి.

ఇక ఆ గడియారాల పెద్దాయన.

నలభైలో ఆయనవి పదకొండు. వాటిని 23వ ఫొటో నుంచి పెట్టారు, అంటే అక్కడిదాకా ఎవరూ రారు. మొదట పెట్టింది ఆయన మొహం. బ్లాక్ అండ్ వైట్, ముడతలు, కంటికి భూతద్దం. ఇలాంటివి మేము వారానికి నాలుగు చూసేవాళ్లం. నేను ఆగిపోయింది 29 దగ్గర. ఆయన వీపు ఇటు తిరిగి ఉంది. స్టూలెక్కి గోడ గడియారానికి కీ ఇస్తున్నారు. గోడ నిండా గడియారాలే. అన్నీ నాలుగూ పది చూపిస్తున్నాయి! గడియారాల షాపు ఫొటో అంటే ఒక్కో ముల్లు ఒక్కో చోట ఉంటుందని అనుకుంటాం. ఇక్కడ అన్నీ ఒకే టైం. ఎందుకు?

సమాధానం మీ మెయిల్‌లో లేదు. నాకు రాసిన ఉత్తరం చివర, అడ్రసు పైన, ఇరికించి రాశారు: ‘ఆ గోడ మీదివన్నీ బాగుచేయించుకోడానికి ఇచ్చి మళ్లీ రానివాళ్లవట సర్. నలభై పైనే ఉన్నాయి. ఆయన అమ్మరు, పారేయరు. రోజూ అన్నిటికీ కీ ఇచ్చి టైం పెడతారు.’

అమ్మా, కథ ఇదే కదా! నలభై ఫొటోలు పంపి ఈ నాలుగు ముక్కలు మీ దగ్గరే ఉంచేసుకున్నారు. ఏ స్టాక్ ఏజెన్సీలోనూ ఈ గోడ దొరకదు. ఇది పంపగలిగింది మీరొక్కరే. ఫ్రీలాన్సర్ అమ్మేది అదే: ఇంకొకరు తేలేనిది.

అయితే ఇప్పుడున్న పదకొండుతో కథ నడవదు. ఎనిమిది ఫొటోలు ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తు నుంచి తీసినవి. మీరు నిలబడ్డ చోటు నుంచి కదల్లేదని తెలిసిపోతోంది. పత్రికలో నాలుగు పేజీలు నడవాలంటే వీధి నుంచి కనిపించే షాపు కావాలి. పని కావాలి. చేతులూ, ఆ చిన్న స్ప్రింగూ దగ్గరగా కావాలి. ఆయనతో ఇంకో మనిషి ఉన్న ఫొటో ఒకటి కావాలి. రిపేరుకి వచ్చినవాళ్లో, ఇంట్లోవాళ్లో ఎవరైనా సరే. ఒక్క మనిషినే పది ఫొటోల్లో చూస్తే పాఠకుడికి విసుగొస్తుంది. చివరికి షాపు మూసే వేళది ఒకటి. అమెరికాలో లైఫ్ అనే పత్రికలో 1948లో ఒక పల్లె డాక్టరు మీద వచ్చిన ఫొటో వ్యాసం గురించి ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ ఆ డాక్టరు వెంట 23 రోజులు ఉండి తీసింది అది. మిమ్మల్ని అన్నాళ్లు సెలవు పెట్టమనడం లేదు. ఒక్క మధ్యాహ్నంలో తీసినవి ఒక్క మధ్యాహ్నంలాగే ఉంటాయి, అంతే నా బాధ. నాలుగు ఆదివారాలు వెళ్లండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

క్యాప్షన్ల దగ్గర కాస్త ఆగుతాను. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. 29వ ఫొటోకి ఇన్‌స్టాలో మీరు పెట్టిన క్యాప్షన్: ‘కాలాన్ని బాగుచేసే చేతులు’. వినడానికి బాగుంది, కానీ ఆ ఫొటోలో చేతులే సరిగ్గా కనిపించవు. పైగా అది ఏ గడియారం షాపు ఫొటోకైనా అతుకుతుంది. ఇలా రాసి చూడండి: ‘రిపేరుకి ఇచ్చినవాళ్లు తిరిగి రాక ఈ గోడ మీదే ఉండిపోయిన గడియారాలు. ఒక్కోదానికి కీ ఇచ్చి టైం సరిచేస్తున్న ఫలానా గారు, 71.’ ఆ తర్వాత ఊరు, నెల, సంవత్సరం. పేరు ఆయన్నే అడిగి, రాసింది చూపించి సరిచూసుకోండి. వయసు ఉజ్జాయింపుగా వేయకండి. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు — ఇవి లేని ఫొటో వస్తే ఎడిటర్ మళ్లీ మీకు ఫోన్ చేసి కనుక్కోవాలి. గడువు నెత్తిమీద ఉన్నప్పుడు ఎవరూ చేయరు, క్యాప్షన్ ఉన్న ఇంకో ఫొటో తీసుకుంటారు.

ఈ క్యాప్షన్‌నీ, మీ పేరునూ, మెయిల్‌నూ ఫొటో ఫైల్ లోపలే రాసిపెట్టొచ్చు. ఐపీటీసీ వివరాలు అంటారు. మీరు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడులు ఉంటాయి, వెతకండి. మెయిల్ పోయినా ఫొటోతోపాటు మీ పేరు ఉంటుంది. సోషల్ మీడియాలోకి ఎక్కించిన ఫొటోల్లోంచి మాత్రం ఈ వివరాలు చాలాసార్లు ఊడిపోతాయి.

ఎవరికి పంపాలి? పేరు విన్న పెద్ద పత్రికలన్నిటికీ ఒకే మెయిల్ గుమ్మరించడం గాలిలో దీపం పెట్టడమే. ఒక పత్రికవి వరసగా ఆరు సంచికలు ముందేసుకుని కూర్చోండి. వ్యాసాలు చదవక్కర్లేదు, ఫొటోల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చదవండి. అవే రెండు పేర్లు, ఏజెన్సీల పేర్లు తప్ప ఇంకేమీ లేకపోతే అక్కడ బయటివాళ్లకు చోటు లేదు, మర్యాదగా పక్కన పెట్టేయండి. రకరకాల పేర్లు కనిపిస్తే ఆ తలుపు తెరిచే ఉంది. తర్వాత ముందు పేజీల్లో చిన్నచిన్న శీర్షికలూ, చివరి పేజీలో ఒక్క ఫొటోతో వచ్చే శీర్షికా చూడండి. కొత్తవాళ్లు లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. పది పేజీల వ్యాసం ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇవ్వడానికి ఎడిటర్‌కి భయం. ఒక్క పేజీ అయితే పోయేదేముంది అనుకుంటాడు. సంపాదకవర్గం పేర్లుండే పేజీలో ఫొటో ఎడిటర్ పేరుంటే ఆ పేరుతోనే రాయండి. చిన్న పత్రికల్లో ఆ పదవే ఉండదు, శీర్షిక చూసేవాళ్లకి రాయాలి.

అందరూ ఎగబడే ట్రావెల్, వైల్డ్‌లైఫ్ పత్రికలే పత్రికలు కావు. ఒక వృత్తివాళ్ల కోసం, ఒక హాబీ ఉన్నవాళ్ల కోసం నడిచేవి ఉంటాయి. విమానంలో సీటు ముందు పెట్టేవి, సంఘాలు సభ్యులకు పంపేవి ఉంటాయి. వాటికి మంచి ఫొటోలు ఎప్పుడూ కరువే. గడియారాల మీద ఇష్టం ఉన్నవాళ్ల పత్రికకి మీ పెద్దాయన ముఖచిత్రం కూడా కావొచ్చు.

ఇంకో దగ్గరి దారి ఉంది, ఫొటోగ్రాఫర్లు సాధారణంగా ఇష్టపడరు: రాయడం. పది ఫొటోలతోపాటు ఆరువందల మాటల వ్యాసం మీరే ఇస్తే ఎడిటర్‌కి ఒక తలనొప్పి తగ్గుతుంది. గొప్ప రచన అక్కర్లేదు. మీరు నాకు ఉత్తరం చివర రాసినట్టు రాస్తే చాలు.

మీ మెయిల్ నేనైతే ఇలా రాస్తాను. సబ్జెక్ట్: ‘ఫొటో వ్యాసం — యజమానులు తిరిగిరాని గడియారాలు’. లోపల:

‘నమస్కారం. మీ పత్రికలో వచ్చే వృత్తుల శీర్షికకు ఒక కథ ఉంది. ఫలానా ఊళ్లో గడియారాలు బాగుచేసే ఫలానా గారి షాపులో, బాగుచేయించి యజమానులు తీసుకెళ్లని గోడ గడియారాలు నలభైకి పైగా ఉన్నాయి. ఆయన రోజూ అన్నిటికీ కీ ఇస్తారు. పది ఫొటోలు, ఆరువందల మాటల వ్యాసం సిద్ధంగా ఉన్నాయి. మూడు ఫొటోలు చిన్న సైజులో జత చేశాను, మిగతావి ఈ లింకులో చూడొచ్చు. ఇవి ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాలేదు. ఫొటోలకు, వ్యాసానికి ఆయన అనుమతి ఉంది.’

కింద పేరు, ఫోన్ నంబరు. అంతకంటే ఒక్క వాక్యం ఎక్కువొద్దు. తొమ్మిదేళ్ల అనుభవం, ఫాలోయర్ల లెక్క, చిన్నప్పటి నుంచీ ఉన్న ఆసక్తి, ఏమీ వద్దు.

ఇన్‌స్టాగ్రామ్ మాట వచ్చింది కాబట్టి: కొన్ని పత్రికలు సోషల్ మీడియాలో పెట్టినదాన్నీ ప్రచురించినట్టే లెక్కేస్తాయి. గడియారాల ఫొటోల్లో రెండు ఇప్పటికే పెట్టారు, పోనివ్వండి. మిగతావి పెట్టకండి. ఆ రెండింటి సంగతి ఎడిటర్ అడిగితే దాచకండి. పైన నేను రాసిచ్చిన ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ పక్కన ‘రెండు ఫొటోలు నా ఇన్‌స్టా పేజీలో ఉన్నాయి’ అని మీరే రాసేస్తే ఇంకా మంచిది.

మొదట పంపే ఫొటోలు పొడవు వైపు 1500, 2000 పిక్సెళ్లుంటే చాలు. స్క్రీన్ మీద చూడ్డానికి అవి సరిపోతాయి. ఒకవేళ మీ స్నేహితులు చెప్పినట్టు ఎవరైనా కాజేసినా అంత సైజుతో పెద్ద పేజీ నింపలేరు. ఫొటో మీద అడ్డంగా పేరు ముద్ర మాత్రం కొట్టకండి. కొనే సరుకుని గోనెసంచిలో పెట్టి చూపించినట్టుంటుంది.

కొత్త కెమెరా అడిగారు. అవసరం లేదు. పత్రిక అచ్చుకి మామూలుగా అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. ఏ4 సైజు నిండు పేజీకి 2480, 3508 పిక్సెళ్లు. మీది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 6000, 4000 పిక్సెళ్లు ఇస్తుంది. 300తో భాగిస్తే 20 అంగుళాలు, 13 అంగుళాల పైచిలుకు. ఎదురెదురు రెండు పేజీలు నిండుతాయి. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో 72 అని ఉన్న చోట 300 అని మార్చి పని అయిపోయిందనుకుంటారు. పిక్సెళ్లు పెంచకుండా ఆ అంకె ఒక్కటీ మారిస్తే ఫొటోలో ఏమీ మారదు, లెక్కపెట్టాల్సింది పిక్సెళ్లనే. ఓకే అయ్యాక అసలు ఫైళ్లను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకండి, నలిపేస్తుంది. రంగుల్ని ప్రెస్‌కి తగ్గట్టు మీరే సీఎంవైకేలోకి, అంటే అచ్చు సిరాల నాలుగు రంగుల లెక్కలోకి, మార్చే సాహసం చేయకండి, వాళ్ల కాగితానికి తగ్గట్టు వాళ్లే మార్చుకుంటారు. ఒక్కటి మాత్రం చూసుకోండి: కాగితం మీద నీడలు స్క్రీన్ మీదకంటే చిక్కబడతాయి. మీ షాపు ఫొటోలు నాలుగింట్లో మూల చీకట్లు ఇప్పుడే నల్లగా ఉన్నాయి. అచ్చులో అక్కడ తారు పూసినట్టు వస్తుంది.

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్తున్నాను. మీ 12వ ఫొటోలోనూ, 19వ ఫొటోలోనూ ఆకాశంలో ఒక కొంగల బారు ఉంది. ఆకాశాలు వేరు, కొంగలు మాత్రం అవే. ఎడమ నుంచి మూడోది రెక్క కిందికి వాల్చి ఉంది, రెండింట్లోనూ. ఒక చోట నుంచి తీసి ఇంకో చోట అతికించారు. ఇన్‌స్టాలో ఎవరూ పట్టుకోలేదు. రోజంతా ఫొటోలు చూడటమే పనైనవాడు పట్టుకుంటాడు. ఆ తర్వాత మిగతా 38 కూడా అనుమానంగానే చూస్తాడు. వెలుతురు, రంగు, కాంట్రాస్టు సరిచేసుకోవచ్చు, కెమెరా లోపలి దుమ్ము వల్ల పడ్డ మచ్చ తీసేయొచ్చు. లేనిది పెట్టడం, ఉన్నది తీసేయడం మాత్రం పత్రికల ఫొటోల్లో పనికిరాదు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫొటోని తర్వాత రద్దు చేశారు, అది మచ్చిక చేసిన తోడేలే అయి ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చడంతో. 2023లో సోనీ ఫొటో పోటీలో ఒక విభాగం గెలిచిన చిత్రం ఏఐతో చేసిందని గెలిచినాయనే ప్రకటించి బహుమతి వద్దన్నాడు. ఇలాంటివి చూశాక అనుమానం వస్తే ఎడిటర్లు రా ఫైల్, అంటే కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైల్, అడగొచ్చు. మీ రా ఫైళ్లు జాగ్రత్తగా దాచుకోండి. ఆ రెండు కొంగల ఫొటోలూ పోర్ట్‌ఫోలియోలోంచి తీసేయండి.

ఇప్పుడు దొంగతనం భయం. పేరున్న పత్రిక మీ మెయిల్‌లోంచి ఫొటో ఎత్తుకుని వేసుకోవడం అరుదు. నష్టం ఎక్కువగా మన సంతకంతోనే జరుగుతుంది. నా సంగతే చెప్తాను. మొదట్లో ఒక పత్రిక నా ఫొటోలు ఆరు తీసుకుంది. రెండు పేజీల కాగితం ఇచ్చారు. నా పేరు అచ్చులో చూసుకోబోతున్నానన్న ఉత్సాహంలో చదవకుండా సంతకం పెట్టేశాను. ఏడాదిన్నర తర్వాత ఒక ఆఫీసులో నా వంతు కోసం కూర్చుంటే ఎదురుగా గోడ మీద క్యాలెండర్, అందులో నా ఫొటో. ఏదో కంపెనీ పేరుంది, నా పేరు లేదు. ఇంటికొచ్చి కాగితం తీసి చదివాను. ‘అన్ని హక్కులూ, అన్ని రూపాల్లో, శాశ్వతంగా’ ఇచ్చేశానని ఉంది. వాళ్ల తప్పేమీ లేదు, అమ్మింది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత ప్రతి కాగితం మూడుసార్లు చదివేవాడిని.

ఫొటో తీసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ ఉంటుంది. ఎక్కడా రిజిస్టర్ చేయనక్కర్లేదు, కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో 1908 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఉద్యోగంలో భాగంగానో, ఎవరో పురమాయిస్తేనో తీసినప్పుడు హక్కు ఎవరిదన్నది దేశాన్ని బట్టి, కాగితాన్ని బట్టి మారుతుంది. మీరు సొంతంగా తీసిన గడియారాలు మీవే. పత్రికకి మీరిచ్చేది వాడుకునే అనుమతి. కాబట్టి ఏ సంచికలో, ఎన్నిసార్లు, వెబ్‌సైట్లో కూడానా, మొదట మేమే వేయాలన్న షరతుందా, ఉంటే ఎన్ని నెలలు అనేవి చూడండి. ‘అన్ని హక్కులూ’ అన్న మాట కనిపిస్తే పెన్ను కింద పెట్టి ‘ఒక్కసారి ప్రచురణకు, దానితోపాటు వెబ్‌సైట్‌కు’ అని మార్చగలరా అని అడగండి. చాలాసార్లు మారుస్తారు. అడిగేవాళ్లు లేకే పాత కాగితం నడుస్తూ ఉంటుంది. 1947లో రాబర్ట్ కాపా, కార్టియే బ్రెసాన్, మరికొందరు కలిసి మాగ్నమ్ అనే ఫొటోగ్రాఫర్ల సంస్థ పెట్టుకున్నదే ఫొటో మీద హక్కు పత్రికలకు పోకుండా తమ దగ్గరే ఉండాలని. మీరు అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. పోటీల నిబంధనల్లోనూ ఈ హక్కుల ముక్క చదవండి. ఎంట్రీ పంపితే చాలు, అన్నీ వాడుకోవచ్చని రాసుకునేవాళ్లూ ఉన్నారు.

డబ్బు విషయం ఒప్పుకున్నప్పుడే అడగండి: ఎంత, ఎప్పుడు? తీసుకున్నప్పుడు ఇస్తారా, అచ్చయ్యాక ఇస్తారా? అచ్చయ్యాక అంటే ఆ సంచిక వాయిదా పడితే మీ డబ్బూ వాయిదా పడుతుంది. వాళ్లే పని అప్పగించి, చివర్లో వద్దనుకుంటే కొంత ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది, కిల్ ఫీ అంటారు. అదీ ముందే తేల్చుకోవాలి. మీరు అకౌంట్స్ మనిషి, బిల్లు పంపడం, గుర్తుచేయడం మీకు నేను నేర్పాలా!

ఊరికే ఇవ్వమంటున్న ఆ చిన్న పత్రిక సంగతి. ముందు ఒకటి కనుక్కోండి: అక్కడ ఎవరికైనా జీతం ఉందా? నలుగురు ఇష్టంతో, సొంత డబ్బుతో నడిపేదైతే ఒక్కసారి ఇవ్వొచ్చు. ఒక్కసారికే అనుమతి అని రాసి, పేరు ఎలా వేయాలో చెప్పి, అచ్చయిన పేజీల పీడీఎఫ్ తీసుకోండి. తర్వాత ఇంకొకరికి చూపించడానికి పనికొస్తుంది. కాగితానికి, ప్రెస్‌కి, ఆఫీసు అద్దెకి డబ్బుండి ఫొటో దగ్గరికి వచ్చేసరికి ‘పేరు వేస్తాం’ అంటే నేనైతే ఇవ్వను. పేరు వేయడం వాళ్లు చేసే ఉపకారం కాదు, ఎలాగూ వేయాల్సిందే. ఏది ఇచ్చినా గడియారాలు మాత్రం ఇవ్వకండి.

పెద్దాయన అనుమతి నోటిమాటగానైనా తీసుకున్నారా? వార్తగా, వ్యాసంగా వేయడానికి చాలాచోట్ల సంతకం అడగరు. ప్రకటనల్లో వాడాలంటే అడుగుతారు, చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. చిన్న కాగితం మీద రాయించుకుంటే రెండింటికీ నిశ్చింత. పిల్లలు ఫొటోలో ఉంటే పెద్దవాళ్లని అడగండి. కట్టడాల్లోనూ కిరికిరి ఉంటుంది. ఈఫిల్ టవర్‌ని పగలు తీసి అమ్ముకోవచ్చు. రాత్రి ఆ లైట్ల వెలుగులో తీసినదాన్ని వ్యాపారానికి వాడాలంటే మాత్రం నిర్వాహకుల అనుమతి కావాలంటారు, ఆ లైట్ల అమరిక మీద హక్కులున్నాయి కాబట్టి.

పంపాక రెండు మూడు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. ఫోన్లు చేయకండి. ఒకే కథని ఒకేసారి ఇద్దరికి పంపకండి, ఇద్దరూ సరేనంటే మీ పేరు ఇద్దరి దగ్గరా పోతుంది. జవాబు రాకపోతే ఇంకొకరికి. నిజానికి మొదట రాయాల్సింది ఎవరికో మీ దగ్గరే ఉంది: ‘బాగున్నాయి, ప్రస్తుతం అవసరం లేదు’ అన్న ఆ ఒక్కరికి. అది మర్యాద కోసం అన్న మాటే అనుకుని మీరు తీసిపారేశారు. నలభై ఫొటోల మెయిల్‌కి కూర్చుని జవాబు రాశారంటే ఆ మనిషి మీ ఫొటోలు చూశారన్నమాట. ఈసారి కథ పంపండి. ఉద్యోగం మాత్రం మానేయకండి. పత్రికల ఫొటోల మీదే ఇల్లు గడవడం ఇప్పుడు పేరున్నవాళ్లకే కష్టంగా ఉంది.

మీ నలభైలో నిలువు ఫొటోలు మూడే ఉన్నాయి. పత్రిక పేజీ నిలువుగా ఉంటుంది, ముఖచిత్రం నిలువుగా ఉంటుంది. పైన పత్రిక పేరు పట్టేంత ఖాళీ కావాలి. అడ్డం ఫొటో రెండు పేజీల్లో పరిస్తే సరిగ్గా మధ్యలో మడత వస్తుంది, అక్కడ మొహం ఉంటే నలిగిపోతుంది. నేషనల్ జియోగ్రాఫిక్ అంతటిది 1982 ఫిబ్రవరి ముఖచిత్రానికి ఒక అడ్డం ఫొటోని నిలువులో పట్టించాలని గీజా పిరమిడ్లని కంప్యూటర్‌లో దగ్గరికి జరిపి, చెడ్డపేరు తెచ్చుకుంది.

వచ్చే ఆదివారం ఆ షాపుకి, తలుపు తీసే వేళకి వెళ్లండి. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. 29వ ఫొటోలో కింద కుడి మూల, తలుపు వెనక సగం దాక్కుని ఒక గడియారం ఉంది. అన్నీ నాలుగూ పది చూపిస్తుంటే అదొక్కటే తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయి ఉంది. అది ఎవరిదో, దానికెందుకు కీ ఇవ్వరో ఆయన్ని అడగండి. చెప్పింది రాసుకోండి. ఆ తర్వాత అదే గోడని, ఆ గడియారం కనిపించేలా, నిలువుగా తీయండి.